మర్దన చేసే చేతులను పోలీసు స్టేషనుకు అప్పగించవద్దు



వచ్చే ఆదివారం కార్యవర్గ సమావేశానికి ఒక వినతిపత్రం వస్తోంది. మసాజ్ సెంటర్లకు, స్పాలకు లైసెన్సు ఇచ్చే అధికారాన్ని కార్పొరేషన్ నుంచి తీసి పోలీసు శాఖకు ఇవ్వమని ప్రభుత్వాన్ని కోరే కాగితం అది. గ్రూపులో చాలామంది చదవకుండానే బొటనవేలు గుర్తు పెట్టేశారు. నేను రెండుసార్లు చదివాను. సంతకం పెట్టను. ఎందుకు పెట్టనో సమావేశంలో ఐదు నిమిషాల్లో చెప్పలేను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ఒప్పుకోవలసింది ముందే ఒప్పుకుంటాను. పోయిన నెల మన హోసూరులోనే, సంఘం కల్యాణ మండపం ఉన్న వీధిలో ఒక సెంటరు మీద పోలీసులు దాడి చేశారు. ఆడపిల్లలను కన్నవాళ్లకు గుండె గుబేలుమనడం సహజం. మసాజ్ బోర్డు పెట్టి లోపల వేరే వ్యాపారం నడిపేవాళ్లు ఉన్నారు. ఉద్యోగమని నమ్మించి పిల్లలను తెచ్చి అమ్మేవాళ్లూ ఉన్నారు. వాళ్లను పట్టుకోవాలి, జైల్లో పెట్టాలి. ఇందులో మీకూ నాకూ తేడా లేదు.

కానీ ఆ దాడి చేసింది ఎవరు? పోలీసులే కదా. లైసెన్సు కార్పొరేషన్ చేతిలో ఉండగానే చేశారు కదా. వాళ్లకు అడ్డం వచ్చిందెవరు? ఎవరూ రాలేదు. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టంలో 15వ సెక్షను చదవండి. ఆ పనికి నియమించిన పోలీసు అధికారి, వారంటు తెచ్చేలోగా ఆలస్యమవుతుందనుకుంటే, కారణం రాసిపెట్టి నేరుగా లోపలికి వెళ్లి సోదా చేయవచ్చు. 18వ సెక్షను కింద మేజిస్ట్రేటు ఆ స్థలాన్ని మూయించవచ్చు. చిన్నపిల్లలుంటే 2012 నాటి పోక్సో చట్టం ఉంది. అంటే మనం భయపడుతున్న నేరానికి పోలీసుల చేతిలో ఆయుధాలు ఇప్పటికే ఉన్నాయి. కొత్తగా ఇవ్వమంటున్నది ఆయుధం కాదు, కౌంటరు. ఎవరు దుకాణం తెరవాలి, ఎవరికి రెన్యువల్ చేయాలి, ఎవరి ఫైలు పక్కన పెట్టాలి అనే కౌంటరు.

నేరం పట్టుకోవడం ఒక పని. వృత్తిని సరిదిద్దడం ఇంకో పని. ఈ రెండూ ఒకటి కావని నాకు తెలిసింది మా ఇంట్లోనే.

మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయిన మూడో వారం పిక్క వాచింది. నొప్పి అంటే నేనే ఒక మసాజ్ అబ్బాయిని ఇంటికి పిలిపించాను. మంచి పిల్లాడు, మర్యాదస్తుడు. నూనె వేడిచేసి గట్టిగా ఒత్తడం మొదలుపెట్టాడు. అదృష్టం, అప్పుడే ఇంటికొచ్చిన మా మేనకోడలు నర్సు కాబట్టి చేయి పట్టుకుని ఆపింది. ఆపరేషన్ తర్వాత పిక్క వాచిందంటే లోపల రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు, ఒత్తితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణానికే ముప్పు అని చెప్పింది. ఆస్పత్రికి పోతే గడ్డ ఉన్న మాట నిజమే అన్నారు. ఆ అబ్బాయి ముఖం తెల్లబోయింది. "నాకు ఎవరూ చెప్పలేదన్నా" అన్నాడు.

ఆ రోజు మాకు కావలసింది కానిస్టేబులు కాదు. ఆ అబ్బాయికి ఇది నేర్పి, పరీక్ష పెట్టి, పాసైతేనే పనికి పంపే ఒక శాఖ. షుగరు ఉన్నవాళ్ల కాళ్లకు స్పర్శ తెలియదు కాబట్టి వేడి నూనె వాడేముందు ఏం చూసుకోవాలి? గర్భిణికి ఎక్కడ ఒత్తకూడదు? చర్మం మీద మచ్చ కనిపిస్తే ఎప్పుడు ఆపాలి? తువ్వాళ్లు, దుప్పట్లు ఎలా ఉతకాలి? ఇవి చూసేది ఆరోగ్య విభాగం, శానిటరీ ఇన్‌స్పెక్టరు. స్టేషన్ ఎస్సై గారు ఎంత మంచివారైనా ఇవి ఆయన చదువులో లేవు. ఆయన వచ్చి చూసేది ఎవరు పని చేస్తున్నారు, ఏ ఊరి నుంచి వచ్చారు, గదికి గడియ ఉందా అన్నది. ఈ వినతిపత్రం నెగ్గితే మన అమ్మల కాళ్ల సంగతి అడిగే నాథుడు ఉండడు.

ఇంకొక మాట. ఇది ఎక్కడినుంచో వచ్చిన స్పాల గొడవ, మనకేం అనుకుంటున్నారు. మా అవ్వ ఈ ఊళ్లో ఎంతమంది బాలింతలకు ఒళ్లు పట్టిందో లెక్క లేదు. కాళ్లు చాపుకుని పసిబిడ్డను వాటి మీద పడుకోబెట్టి, ఆముదం రాసి, చేతులు కాళ్లు సాగదీసి నీళ్లు పోసేది. ఆ పని ఈనాటికీ మన వీధుల్లో చేస్తున్నవాళ్లు ఉన్నారు. మన నాయీబ్రాహ్మణ కుటుంబాల్లో మర్దన తరతరాల విద్య. ఈ తమిళ నేల మీద ఆ కులంవారిని మరుత్తువర్ అంటారు, అంటే వైద్యులు. సిద్ధ వైద్యంలో తొక్కణం అని మర్దనకు ప్రత్యేకంగా ఒక పద్ధతే ఉంది. పుత్తూరు కట్టు బోర్డులు ఇక్కడి నుంచి బెంగళూరు దాకా ఎన్ని చూడటం లేదు? వీళ్లలో ఎవరైనా రేపు చిన్న గది అద్దెకు తీసుకుని "మర్దన చేయబడును" అని బోర్డు పెడితే, స్టేషనుకు పోయి ఫొటో ఇచ్చి, ఇంటి అడ్రసు ఇచ్చి, నేను మంచిదాన్నే అని నిరూపించుకోవాలా?

పోలీసు రిజిస్టరులో పేరు ఎక్కడం అంటే ఏమిటో మనలో కొందరికి ఇళ్లలోనే తెలుసు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద మద్రాసు రాజధానిలో ఎరుకలవారిని ఏం చేశారో పెద్దలను అడగండి. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. 1952లో చట్టం పోయింది, అనుమానం పోయిందా? ఆ చట్టం వేరు, ఈ లైసెన్సు వేరు అని నాకూ తెలుసు. కానీ ఒక పని చేసేవాళ్లందరినీ ముందు అనుమానితులుగా రాసుకుని తర్వాత విచారించే అలవాటు మాత్రం ఒకటే.

కోర్టులు కూడా ఈ అలవాటును ఒప్పుకోలేదు. 2022 జనవరిలో మద్రాసు హైకోర్టు మదురై బెంచ్‌లో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ గారు స్పాల లోపల సీసీ కెమెరాలు పెట్టడం మనిషి శరీరానికి, ఏకాంతానికి ఉన్న హక్కును దెబ్బతీస్తుందని తీర్పు ఇచ్చారు. దానికి ముందు నెలలోనే అదే హైకోర్టులో ఇంకొక న్యాయమూర్తి కెమెరాలు పెట్టమన్న మాట నిజమే, దాచను. అదే 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, ఆడవాళ్లకు మగవాళ్లు, మగవాళ్లకు ఆడవాళ్లు మసాజ్ చేయకూడదన్న నిషేధాన్ని ఆపింది.

అంతెందుకు, 2025 జూన్‌లో ఢిల్లీలో హోటళ్లు, భోజనశాలలు, స్విమ్మింగ్ పూల్స్ వంటి ఏడు రకాల వ్యాపారాలకు లైసెన్సు ఇచ్చే అధికారాన్ని పోలీసుల నుంచి తీసి స్థానిక సంస్థలకు అప్పగించారు. పోలీసులు నేరాల మీద దృష్టి పెట్టాలంటే ఈ కాగితాల పని వాళ్లకు ఉండకూడదన్నది అక్కడి వాదన. దేశ రాజధాని వదిలించుకుంటున్న బరువును మనం పోయి ఎత్తుకుందామా?

"కార్పొరేషన్ వాళ్లు మాత్రం ఏం ఉద్ధరిస్తున్నారు? లోపలికి తొంగి కూడా చూడరు, ఫీజు కట్టించుకుని పోతారు" అని కోశాధికారి గారు అన్నారు. ఆ మాట నిజమే అన్నా. బడిలో లెక్కల మాస్టారు సరిగా చెప్పకపోతే మంచి లెక్కల మాస్టారు కావాలని అడుగుతాం. డ్రిల్లు మాస్టారిని లెక్కలు చెప్పమనం. ఇంకో సంగతి ఆలోచించండి. లైసెన్సు ఇచ్చేదీ, దాడి చేసేదీ ఒకే స్టేషను అయితే, లోపల తప్పు జరిగినప్పుడు ఫిర్యాదు ఎవరికి? తాను సంతకం పెట్టిన దుకాణం మీద తానే కేసు రాస్తే తన తప్పు తానే ఒప్పుకున్నట్టు కాదా? చెడ్డ సెంటరువాడికి ఇంతకంటే మంచి కవచం ఉందా? నిజాయితీగా బతికే ఆడమనిషేమో స్టేషను మెట్లు ఎక్కలేక బోర్డు తీసేసి, ఇళ్లకు తిరిగి పని చేసుకుంటుంది. అక్కడ ఆమెకు ఏదైనా జరిగితే చూసే దిక్కు లేదు.

కాబట్టి ఆ కాగితం బదులు ఇంకొక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి, లైసెన్సు కార్పొరేషన్ దగ్గరే, ఆరోగ్య విభాగం తనిఖీ కిందే ఉండాలి. ఏడాదికి ఒకసారైనా తనిఖీ జరిగి, ఆ నివేదిక గోడకు తగిలించాలి.

రెండు, పనిచేసేవారికి శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. స్పా థెరపిస్టు కోర్సు, పంచకర్మ టెక్నీషియన్ కోర్సు ఉన్నాయి. తరతరాలుగా చేస్తున్నవారికి కొన్నేళ్లు గడువిచ్చి, చేతి పని చూసి, నోటితో ప్రశ్నలడిగి పరీక్ష పెట్టాలి. మన మండపం మధ్యాహ్నాలు ఖాళీయే, ఆ తరగతులు అక్కడే పెట్టుకోవచ్చు.

మూడు, అనుమానం ఉన్నచోట సభ్యులు 112కు, పిల్లల విషయమైతే 1098కు ఫోన్ చేయాలి. పోలీసులు సోదాకు వస్తే చట్టం చెప్పినట్టు ఆ ప్రాంతపు పెద్దమనుషులు ఇద్దరు, అందులో ఒక స్త్రీ, సాక్షులుగా ఉండాలి. ఆ సాక్ష్యానికి పోవడానికి మన మహిళా విభాగం సిద్ధంగా ఉండాలి.

వినతిపత్రం రాసిన తమ్ముళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల భయం నిజం, మందు తప్పు. ఇప్పటికే బొటనవేలు పెట్టినవారు ఆదివారం లోగా వెనక్కి తీసుకోవచ్చు, దానివల్ల ఎవరి పరువూ పోదు. నా మాట తప్పనిపిస్తే సమావేశానికి వచ్చి చెప్పండి, వింటాను. ఒక్కటే కోరిక. చేయి ఎత్తేముందు, పుట్టిన మొదటి నెలలో మీకు నూనె రాసి నీళ్లు పోసినావిడ పేరు ఏమిటో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రండి.