ఆధారం చెప్పని శాతం

ద్రావణాల గాఢతను తెలిపే పద్ధతులన్నిటిలో శాతమే తేలికైనదనీ, ద్రావితాన్ని ద్రావణంతో భాగించి నూటితో హెచ్చవేస్తే లెక్క పూర్తవుతుందనీ పాఠశాలల్లోనూ ప్రయోగశాలల్లోనూ పాతుకుపోయిన అభిప్రాయం సరైనది కాదు. కరిగిన పదార్థం ద్రావితం, దాన్ని కరిగించుకున్నది ద్రావణి, రెండూ కలిసిన మొత్తం ద్రావణం; అయితే ‘నూటికి ఇంత’ అన్నప్పుడు ఆ నూరు గ్రాములో మిల్లీలీటర్లో తేలనంతవరకు ఆ అంకెకు నిశ్చితమైన విలువ లేదు.

మిల్లీలీటరు నీరు సుమారు ఒక గ్రాము తూగుతుంది కనుక ఈ భేదాన్ని పట్టించుకోనక్కరలేదని కొందరి వాదన. లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉండే 0.9 శాతం సెలైన్ వంటి పలుచని ద్రావణాల్లో అది చెల్లుతుంది. గాఢ ఆమ్లాల్లో చెల్లదు. సీసాపై 37 శాతం అని ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం విషయంలో ఆ అంకె ద్రవ్యరాశి శాతం, అంటే 100 గ్రాముల ద్రావణంలో 37 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ ఉన్నదని అర్థం. దాని సాంద్రత, అనగా మిల్లీలీటరు తూగే బరువు, సుమారు 1.18 గ్రాములు కావడం వల్ల 100 మిల్లీలీటర్లలో ఉండేది 37 కాదు, దాదాపు 43.7 గ్రాములు. 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములుండే ద్రావణాన్ని తయారు చేయవలసిన విద్యార్థి సాంద్రతను విస్మరిస్తే, 22.9 మిల్లీలీటర్లకు బదులు 27 మిల్లీలీటర్ల ఆమ్లాన్ని నీటిలో కలుపుతాడు; 10 శాతం అని చీటీ అంటించిన ఆ సీసాలో 11.8 శాతం ద్రావణం ఉంటుంది. 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పొరపాటు మరీ పెద్దది: దాని సాంద్రత 1.84 కనుక 100 మిల్లీలీటర్లలో 180 గ్రాముల ఆమ్లం ఉంటుంది.

ఘనపరిమాణాలను కూడితే చాలునన్న ధీమా కూడా నిలవదు. 50 మిల్లీలీటర్ల ఇథనాల్‌ను అంతే నీటితో కలిపితే, అణువులు మరింత దగ్గరగా సర్దుకోవడం వల్ల 100 కంటే సుమారు 4 మిల్లీలీటర్లు తక్కువే వస్తాయి. అందువల్లనే ద్రావణిని కొలిచి పోయకుండా, ద్రావణాన్ని గీత వరకు నింపడం నియమమైంది.

ద్రావితంగా దేన్ని లెక్కించాలన్నది ఇంకా తరచుగా మరుగునపడే ప్రశ్న. 100 లీటర్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం కలిపే బోర్డో మిశ్రమాన్ని తోటల రైతులు 1 శాతం అంటారు. తూచేది నీలి స్ఫటికాలనే కనుక ఆ వాడుక నిర్దుష్టం. కానీ ఆ స్ఫటికాల బరువులో 36 శాతం నీరే కావడంతో, నిర్జల కాపర్ సల్ఫేట్ లెక్కన ఆ కిలోలో ఉన్నది 640 గ్రాములే. ప్రయోగశాలలో ఈ రెండు లెక్కలను కలగాపులగం చేస్తే మూడో వంతుకు పైగా తప్పు దొర్లుతుంది.

కాబట్టి ద్రవ్యరాశి, ఘనపరిమాణాల్లో దేని ఆధారంగానో చెప్పకుండా ‘20 శాతం ద్రావణం’ అని మాత్రమే ఇచ్చే ప్రశ్నలను పాఠ్యపుస్తకాల నుంచి తొలగించాలి. అటువంటి ప్రశ్న ఎదురైనప్పుడు ఆధారమేమిటని అడిగిన విద్యార్థికి ఉపాధ్యాయులు పూర్తి మార్కులు వేయాలి.