ఆ 1.2 వోల్టులు ఎక్కడికి పోయాయి?

పిల్లలూ! ప్రయోగశాలలో మీలో చాలామంది ఒక దొంగపని చేస్తుంటారు. మీటరు ముల్లు ఒక అంకె చూపిస్తుంది, రికార్డు పుస్తకంలో వేరొక అంకె ఎక్కుతుంది. ముందు లెక్క కట్టి, దానికి సరిపోయే రీడింగు రాసేస్తారు. నాకెలా తెలుసంటారా? చదువుకునే రోజుల్లో నేనూ అదే చేశాను కనుక!

ఇలా చేయడం వల్ల నష్టపోయేది మీరే. ఎలాగో ఒక ప్రయోగంతో చూద్దాం.

నాలుగు టార్చిలైటు సెల్లులను వరుసగా కలపండి. 6 వోల్టులు వస్తాయి. ఒక్కొక్కటి లక్ష ఓములున్న రెండు నిరోధకాలను తీసుకోండి. వాటిమీద గోధుమ, నలుపు, పసుపు రంగు పట్టీలుంటాయి. ఆ రెండింటినీ శ్రేణిలో కలిపి సెల్లులకు తగిలించండి. రెండూ సమానం కాబట్టి ఒక్కొక్కదాని కొనల మధ్య 3 వోల్టులుండాలి. ఇది లెక్క.

ఇప్పుడు ముల్లున్న మల్టీమీటరును 10 వోల్టుల దగ్గర పెట్టి కొలవండి. వోల్టుకు 20,000 ఓములు అని రాసి ఉన్న మీటరైతే మొదటి నిరోధకం మీద సుమారు 2.4 వోల్టులు చూపిస్తుంది. రెండవదాని మీదా అంతే. కలిపితే 4.8. కాని మొత్తం మీద కొలిస్తే 6 ఉంది! మరి ఆ 1.2 వోల్టులు ఏమయ్యాయి?

"మీటరు పాడైంది" అనుకుని 3 అని రాసేశారా? అయితే అసలు పాఠం మీ చేయి జారిపోయినట్టే.

మీటరు ఊరికే గట్టున నిలబడి చూసే మనిషి కాదు, తానూ నీళ్ళలోకి దిగుతుంది. ముల్లు కదలాలంటే దాని తీగచుట్ట గుండా కొంత విద్యుత్తు పోవాలి. 10 వోల్టుల దగ్గర దాని నిరోధం 20,000 × 10, అంటే 2 లక్షల ఓములు. దాన్ని తగిలించగానే లక్ష ఓముల నిరోధకానికి అది సమాంతరంగా చేరుతుంది. లబ్ధాన్ని మొత్తంతో భాగించండి: (1 × 2) ÷ (1 + 2), అంటే లక్షలో మూడింట రెండు వంతులు. రెండవ నిరోధకం లక్ష ఓములుగానే ఉంది. కాబట్టి 6 వోల్టులు 2 : 3 నిష్పత్తిలో పంచుకోబడతాయి. మీటరున్న వైపు 2.4, లేని వైపు 3.6. మీటరును రెండవ వైపుకు మార్చితే పంపకమూ తిరగబడుతుంది. రెండు వైపులా ఒకేసారి 2.4 ఎప్పుడూ లేదు. రెండు వేర్వేరు వలయాల అంకెలను మీరు కలిపారు, అంతే!

చూశారా, లెక్కా తప్పలేదు, మీటరూ తప్పలేదు. కోటి ఓముల నిరోధమున్న డిజిటల్ మీటరు పెడితే 2.98 దాకా వస్తుంది. నిరోధకాలు వంద ఓములవైతే ముల్లు మీటరు కూడా దాదాపు 3 చూపిస్తుంది. మీ అంకెల్లో స్వల్ప తేడాలుంటే కంగారుపడకండి. బంగారు రంగు పట్టీ ఉంటే ఆ నిరోధకం విలువ 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చు.

ఓమ్ నియమం కనుక్కున్న జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీలోని కొలోన్ నగరంలో బడిపంతులుగా పనిచేశాడు. 1825లో ఆయన ప్రకటించిన మొదటి సూత్రం సరైంది కాదు. ఆయన వాడిన సెల్లుల బలం నిలకడగా ఉండేది కాదు. ఆయన వాటిని వదిలి బిస్మత్, రాగి అతుకులలో ఒకదాన్ని మరిగే నీటిలో, మరొకదాన్ని మంచులో ఉంచి, నిలకడైన విద్యుత్తు పుట్టించి మళ్ళీ కొలిచాడు. 1826లో సరైన నియమం చేతికి వచ్చింది. తన పాత సూత్రానికి సరిపోయే అంకెలు రాసుకుని ఉంటే మనకు ఆ నియమం ఆయన నుంచి అందేదా?

ఉపాధ్యాయులకూ ఒక మనవి. లెక్కకు సరిపోయిన రీడింగుకే మార్కులిస్తే పిల్లలు రీడింగులు కల్పించడమే నేర్చుకుంటారు. సరిపోని రీడింగు రాసి, కారణం వెతికిన పిల్లవాడికి ఒక మార్కు ఎక్కువే ఇవ్వండి.

పిల్లలూ! ఈసారి లెక్క ఒక వరుసలో, కొలత మరొక వరుసలో రాయండి. తేడా వస్తే చెరపకుండా పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ప్రయోగాలు మాత్రం సెల్లులతోనే చేయండి, ఇంట్లోని కరెంటు జోలికి పోకండి.