ఒకటిన్నర మనుషులు

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేత త్రిశరణాలు, పంచశీల పలికించిన భిక్షువు చంద్రమణి. అప్పటికే ఎనభై యేళ్ల పెద్దాయన. కుశీనగర్‌లో స్థిరపడ్డాడు గానీ పుట్టింది బర్మాలోని అరకాన్‌లో. ఇప్పుడు దాన్ని రఖైన్ రాష్ట్రం అంటున్నారు. దీక్షాభూమి ఫొటోలు గోడలకు పెట్టుకుంటాం గానీ ఆ భిక్షువు ఏ నేల నుంచి వచ్చాడో అడగం. రోహింగ్యాల ఊళ్లకు ఊళ్లు తగలబెట్టి తరిమేసిన నేల అదే.

పోయిన భాగం చదివి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మన వాడల్లో పడే శవాలకే దిక్కు లేదు, బర్మా ముస్లింల సంగతి మనకెందుకు?" అడగాల్సిన ప్రశ్నే. అయితే నా జవాబు జాలి దగ్గర మొదలుకాదు, లెక్క దగ్గర మొదలవుతుంది.

2017 ఆగస్టు 25న అర్సా అనే సాయుధ గుంపు పోలీసు ఠాణాల మీద దాడి చేసింది. సైన్యం దాన్ని సాకుగా పట్టుకుని మొత్తం జాతి మీద పడింది. కొన్ని నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ చేరారు. తులాతోలిలో ఏటి ఒడ్డున మగవాళ్లను కాల్చి, ఆడవాళ్లను ఇళ్లలోకి ఈడ్చుకెళ్లారు. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ ఆగస్టులోనే అర్సా మనుషులు హిందూ గ్రామస్థులను చంపారని ఆమ్నెస్టీ తేల్చింది. ఆ శవాలను దాచి రోహింగ్యాల పక్షాన మాట్లాడితే అది మానవ హక్కుల మాట కాదు.

అదే ఏడాది అక్టోబర్ చివర్లో, బర్మాలో ఎంతో గౌరవం ఉన్న సీతాగు సయాదో అనే భిక్షువు ఒక సైనిక శిబిరంలో ప్రవచనం చెప్పాడు. మహావంశంలోని కథ ఎత్తుకున్నాడు. దుట్ఠగామణి రాజు తమిళ రాజు ఎళారను గెలిచాక, ఇంతమందిని చంపానే అని కుమిలిపోతాడు. అర్హంతులు వచ్చి ఓదారుస్తారు: నువ్వు చంపింది ఒకటిన్నర మనుషుల్నే. ఒకడు త్రిశరణాలు తీసుకున్నవాడు, ఇంకొకడు పంచశీల తీసుకున్నవాడు. మిగతావాళ్లు లెక్కలోకి రారు. ఈ మాట నాది కాదు, సింహళ భిక్షువులది అని కూడా అన్నాడాయన. అంతమంది సైనికుల ముందు, ఆ నెలల్లో, ఆ కథే ఎందుకు గుర్తొచ్చిందో మనకు వేరే చెప్పాలా?

ఈ లెక్క మనకు బాగా తెలిసిందే. బ్రాహ్మణుణ్ణి చంపితే చేయాల్సిన ప్రాయశ్చిత్తంలో శూద్రుణ్ణి చంపితే పదహారో వంతు చాలన్నాడు మనువు. పిల్లినో కప్పనో కాకినో చంపినా అదే ప్రాయశ్చిత్తం. పదహారో వంతు మనిషి, ఒకటిన్నర మనిషి. ఈ లెక్కల పుస్తకాన్ని కాల్చేసి బుద్ధుడి దగ్గరికి పోయినవాళ్లం మనం. కాషాయం కట్టుకుని అదే లెక్క చెప్తుంటే మౌనంగా వినాలా?

సైన్యం ఈ లెక్కను చట్టంగానే రాసుకుంది. 1982 పౌరసత్వ చట్టంతో కొన్ని జాతులే దేశపు జాతులయ్యాయి. 1823కు ముందు నుంచి ఉన్నవాళ్లవే ఆ జాతులన్నారు. వాటిలో రోహింగ్యా లేదు. ఆ పేరు పలకడమే తప్పైంది, 'బెంగాలీ' అనాలి. ఊరు దాటాలంటే అనుమతి, పెళ్లికి అనుమతి. మన తాతలు చెప్పే వెలి కథలకూ దీనికీ దూరమెంత?

ఇక ఇప్పటి యుద్ధం. 2021లో సైన్యం అధికారం లాక్కుంది. 2023 నవంబర్ నుంచి రఖైన్‌లో అరకాన్ ఆర్మీ చేతిలో ఓడిపోతూ వచ్చింది. మనుషులు చాలక 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. అది పౌరులకు వర్తించే చట్టం. మరి సిత్వే శిబిరాల్లోని రోహింగ్యా కుర్రాళ్లను లాక్కెళ్లి తుపాకి ఎలా ఇచ్చారు? ఓటుకు పౌరుడు కాదు, చావుకు పౌరుడు! దాంతో రఖైన్ బౌద్ధులకు వీళ్ల మీద కొత్త పగ పుట్టింది. మే నెలలో బుథిడాంగ్ తగలబడింది. ఆగస్టు 5న నాఫ్ ఒడ్డున పడవల కోసం నిలబడ్డ కుటుంబాల మీద డ్రోన్లు బాంబులు వేశాయి. బతికి బయటపడ్డవాళ్లు అరకాన్ ఆర్మీ పేరే చెప్పారు. ఆ ఆర్మీ కాదంటోంది. అణిచివేతకు గురైన జాతి తుపాకి పట్టిందని మనం వెంటనే చప్పట్లు కొడతాం. రఖైన్ ప్రజల మీద బర్మా సైన్యం చేసిన దారుణాలూ నిజమే. కానీ విముక్తి సేన అన్నంత మాత్రాన జెనీవా ఒప్పందాల ఉమ్మడి మూడో అధికరణ దానికి వర్తించకుండా పోదు. ఆయుధం పట్టనివాణ్ణి చంపొద్దన్న ఆ నియమం ప్రభుత్వానికీ తిరుగుబాటుదారుకీ ఒకటే.

న్యాయం సంగతా? ఇన్‌దిన్‌లో పదిమంది రోహింగ్యా మగవాళ్లను చంపిన సైనికులు ఏడాది తిరక్కుండా బయటికొచ్చారు. ఆ హత్యల్ని వెలికితీసిన రాయిటర్స్ విలేకరులిద్దరు 500 రోజులకు పైగా జైల్లో ఉన్నారు.

మరి మన దేశం? 2021 ఏప్రిల్ 8న జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. 14, 21 అధికరణలు మనుషులందరికీ ఉంటాయట. వెళ్లగొట్టకుండా ఉండే హక్కు మాత్రం 19 కింద పౌరులకేనట. పంపిన తర్వాత ప్రాణం పోతే ఆ 21 ఎవరికి? బాబాసాహెబ్ రాజ్యాంగం 21లో వాడిన మాట పౌరుడు కాదు, వ్యక్తి. మన సంఘాలు పట్టుకోవాల్సింది ఆ ఒక్క మాటనే.

హైదరాబాద్ తమ్ముళ్లకు బర్మా అంత దూరమేం కాదు. బాలాపూర్ బస్తీల్లో ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు పట్టుకుని కూలి చేసుకుంటున్నవాళ్లు వాళ్లే. ఆ కార్డును మన ప్రభుత్వం చట్టంగా గుర్తించదు. ఈసారి బుద్ధ జయంతికి మీ యూనివర్సిటీలో సభ పెడితే, వక్తల పట్టికలో వాళ్లలో ఒకరి పేరు ఉండాలి. హిందీలో మాట్లాడతారు, అనువాదానికి నేనొస్తాను.

వచ్చే భాగంలో 1982 బర్మా చట్టాన్నీ మన సీఏఏనీ పక్కపక్కన పెట్టి చదువుదాం.

జై భీమ్.