ఖాళీ గుల్లలకు లెక్కుంది, పేలని గుండ్లకు ఏది?

సంపాదకులు గారికి,

సైన్యం ఫైరింగ్ రేంజ్‌ల అంచున ఉన్న ఊళ్ళ గురించి పోయిన సంచికలో మీరు వేసిన ఫొటోల వ్యాసం చూశాను. మూడో ఫొటోలో పదేళ్ళ కుర్రవాడు చొక్కా ఒడి పట్టి, దాని నిండా ఇత్తడి తూటా గుల్లలు పోసుకుని నవ్వుతున్నాడు. కింద ‘ఇసుకలో దొరికిన బంగారం’ అని రాశారు. వాడి ఎడమ కాలికి జానెడు దూరంలో ఇసుకలోంచి రెక్కలున్న చిన్న తోక ఒకటి పైకి కనిపిస్తోంది. అది మోర్టార్ బాంబు తోక. పేలిన బాంబుకూ తోక మిగులుతుంది, పేలకుండా దిగబడిన బాంబుకూ తోకే కనిపిస్తుంది. ఏది ఏదో ఫొటో చూసి నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. పత్రిక చూసిన రోజే మీ ఆఫీసుకు ఫోను చేశాను. అక్కడి పోలీసులకు చెప్పామని మీవాళ్ళు అన్నారు. వారికి నా కృతజ్ఞతలు. అయితే ఆ ఒక్క తోకతో తీరే విషయం కాదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 1984లో గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో రిక్రూట్‌గా చేరాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు చేసి హవల్దారుగా ఇంటికొచ్చాను. మొదటిసారి ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్‌తో కాల్చిన రోజున గురి ఎలా కుదిరిందో ఇప్పుడు గుర్తులేదు. ఆ తర్వాత మోకాళ్ళ మీద వంగి గడ్డిలో గుల్లలు ఏరడం మాత్రం బాగా గుర్తుంది. మిలటరీలో ఆ ఖాళీ గుల్లను ఖోకా అంటారు. ఐదు రౌండ్లు తీసుకున్నవాడు ఐదు ఖోకాలు అప్పజెప్పాలి. పేలని రౌండు ఉంటే దాన్ని విడిగా చూపించాలి. ఎస్‌ఎల్‌ఆర్ గుల్లను కుడివైపుకు విసిరేస్తుంది. అందుకని పక్కన ఒకడు టోపీ తిరగేసి పట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు లెక్కలో ఒక్క ఖోకా తగ్గింది. నాలుగింటికి మొదలుపెట్టి చీకటి పడేదాకా ప్లాటూన్ అంతా బారులు తీరి నేల మీద పాకాం. చివరికి టార్చి వెలుగులో ఒక తుమ్మమొక్క మొదట్లో దొరికింది. అప్పటిదాకా ఎవరికీ మంచినీళ్ళు కూడా లేవు.

ఎందుకింత పట్టుదల అని ఆ రాత్రి మాకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్‌ను అడిగాను. ఒక ఖోకా తగ్గిందంటే ఒక లైవ్ రౌండు ఎవడి జేబులోనో ఉండొచ్చు, అది ఎవరి ప్రాణమో తీయొచ్చు అన్నారు. ఆ మాట న్యాయమైనదే. ఇప్పటికీ నమ్ముతాను. రిటైరయ్యాక నన్ను తొలుస్తున్నది దాని రెండో సగం. ఎవరికీ హాని చేయలేని ఖాళీ ఇత్తడి గుల్ల కోసం చీకట్లో పాకించే మనం, గుండ్లు పడే చోట పేలకుండా మిగిలిపోయిన వాటి కోసం అంతే పట్టుదలగా ఎందుకు వెతకడం లేదు?

వాటిని మేము బ్లైండ్లు అంటాం. నేలను తాకి కూడా ఫ్యూజ్ పనిచేయని గుండు అన్నమాట. ఫైరింగ్ అయ్యాక వాటిని వెతికి, ఉన్నచోటే మందు పెట్టి పేల్చేయాలని నియమం ఉంది. నేనున్న యూనిట్లలో ఆ పని చేశారు, కళ్ళారా చూశాను. అయితే మెత్తటి ఇసుకలోనో బురదలోనో దిగబడినది కనబడదు. నాలుగు ఫిరంగులు ఒకేసారి కాల్చినప్పుడు పొగలో ఏది పేలిందో ఏది పేలలేదో దుర్భిణి పట్టిన అబ్జర్వర్‌కు కూడా తేలదు. మర్నాడు ఇంకో యూనిట్‌కు రేంజ్ అప్పజెప్పాలి. అలా వెనక మిగిలిపోతాయి. వాన వచ్చి ఇసుక కొట్టుకుపోతే, గాలికి దిబ్బ కదిలితే, ఏళ్ళ తర్వాత పైకి తేలతాయి.

రాజస్థాన్ ఎడారిలో ఒక రేంజ్‌లో జరిగింది చెబుతాను. మా డేరాల దగ్గరికి ఒక కుర్రవాడు గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. మేము ఏరకుండా వదిలేసినవి ఏమైనా ఉంటే ఇమ్మని అడగడానికి వచ్చాడు. సంచి దింపి, తాను తెచ్చుకున్నవి గర్వంగా ఒక్కొక్కటే పరిచాడు. తూటా గుల్లలు, గుండు మొదట్లో బిగించే రాగి పట్టీ ముక్కలు, అల్యూమినియం ముక్కలు. అడుగున పాత తువ్వాలులో చుట్టినది ఒకటుంది. విప్పితే నిండు 81 మిల్లీమీటర్ల మోర్టార్ బాంబు. నాలుగు కిలోలకు పైనే బరువుంటుంది. దాన్ని రెండు కోసుల దూరం నుంచి వీపు మీద మోసుకొచ్చాడు. మేమంతా ఒక్కసారిగా వెనక్కి జరిగితే వాడు నవ్వాడు. వాణ్ణి మెల్లగా పిలిచి దూరంగా తీసుకుపోయాం. తర్వాత మా వాళ్ళు ఆ బాంబు చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి పేల్చేశారు. చప్పుడు ఆగగానే వాడు నా దగ్గరికొచ్చి, నాది పాడు చేశారు, డబ్బులివ్వండి అన్నాడు. సంచిలో అన్నిటికన్నా బరువైనది అదే మరి. జేబులో ఉన్నది తీసి ఇచ్చాను. నేను చేసింది తప్పని మా సుబేదార్ సాబ్ మందలించారు. ఇలా ఇస్తే రేపు పదిమంది తెస్తారు అన్నారు. ఆయన మాటే నిజం. అయినా ఆ రోజు ఆ పిల్లవాణ్ణి ఉత్తచేతులతో ఎలా పంపాలో నాకు తెలియలేదు.

తూటా గుల్ల ఇత్తడిలో సుమారు డెబ్బై పాళ్ళు రాగి, ముప్పై పాళ్ళు జింకు. మా ఎస్‌ఎల్‌ఆర్ గుల్లలు ఎనభై తొంభై పోగైతే కిలో తూగుతాయి. కరువు నేలలో కూలి దొరకని నెలల్లో ఆ కిలో ఇత్తడి అంటే ఇంటికి పిండీ, నూనే. ఎర్రజెండాలు పెట్టాం, దండోరా వేయించాం, ఎందుకొస్తారు అని అడిగేవాళ్ళు ఈ లెక్క చూడాలి. తూటా గుల్ల ఏరితే పిల్లవాడికి చేతులు మసి అవుతాయి, సీసం అంటుతుంది, కడుక్కోమని చెప్పాలి. అంతకుమించి ప్రమాదం లేదు. అయితే ఇత్తడి కోసం వంగిన చెయ్యి ఇత్తడి దగ్గరే ఆగదు. పక్కనే మెరిసే ఫ్యూజ్‌ను కూడా తీస్తుంది. పాత సామాన్ల కొట్టువాడు దాన్ని తూచి కొంటాడు. అది ఎక్కడికి ప్రయాణిస్తుందో ఎవరికీ తెలియదు. 2004 సెప్టెంబర్ 30న ఘాజియాబాద్‌లో ఒక ఉక్కు కర్మాగారంలో పేలుడు జరిగి 10 మంది కార్మికులు చనిపోయారు. విదేశాల నుంచి వచ్చిన తుక్కులో పేలని గుండ్లు కలిసి రావడమే దానికి కారణం. ఎక్కడో ఒక మైదానంలో ఎవరో లెక్క పెట్టకుండా వదిలేసినవి సముద్రం దాటి వచ్చి ఇక్కడ ప్రాణాలు తీశాయి.

కశ్మీర్ బడ్గాం జిల్లాలో తోసామైదాన్ అనే పచ్చిక బయలుంది. 1964 నుంచి అది ఫైరింగ్ రేంజ్. 2014లో లీజు గడువు తీరాక పొడిగించలేదు. సైన్యం నెలల తరబడి అక్కడి నేలను శోధించి పేలని గుండ్లను తీసింది. ఆ యాభై ఏళ్ళలో 60 మందికి పైగా చనిపోయారని అక్కడి ఊళ్ళవాళ్ళ లెక్క. ఎక్కువమంది గొర్రెలు కాసుకునేవాళ్ళు, కట్టెలకు వెళ్ళినవాళ్ళు. గడువు ముగిశాక చేసిన ఆ శోధన ప్రతి ఫైరింగ్ తర్వాతా అదే శ్రద్ధతో జరిగి ఉంటే అన్ని సమాధులు ఉండేవి కావు.

చట్టం లేదా అంటే ఉంది. 1938 నాటి చట్టం ప్రకారం, ఫైరింగ్ కోసం ప్రకటించిన నేలలో మనిషికి గానీ ఆస్తికి గానీ నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలి. అది నష్టం జరిగాక వచ్చే డబ్బు. ఇక యుద్ధం మిగిల్చిన పేలుడు వస్తువుల మీద 2003లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఎక్కడ ఏ మందుగుండు వాడారో రాసిపెట్టుకోవాలి, తర్వాత తొలగించాలి, జనాన్ని హెచ్చరించాలి అని అందులో ఉంది. మన దేశం దానికి ఒప్పుకుంది కూడా. పరాయి దేశంతో పోరాడిన నేలకు ఇవ్వాల్సిన ఆ శ్రద్ధను మన పిల్లలు మేకలు తోలే నేలకు ఇవ్వలేమా?

నేను అడుగుతున్నది ఖోకాల రిజిస్టర్ లాంటి రిజిస్టరే. కాల్చినవి ఎన్ని, పేలడం చూసినవి ఎన్ని, నాశనం చేసిన బ్లైండ్లు ఎన్ని, దొరకనివి ఏ వైపు పడ్డాయి. రేంజ్‌ను తిరిగి అప్పగించే ముందు ఆ కాగితం నకలు పక్క ఊరి పంచాయతీకి చేరాలి. దీనివల్ల రహస్యాలు బయటపడతాయని అభ్యంతరం చెబుతారు. రాత్రంతా ఆ చప్పుళ్ళు వింటూ పడుకునే ఊరికి అందులో రహస్యమేముంది? ఇంకోటి, ఇత్తడి తెచ్చినందుకు డబ్బు ఇవ్వడం పూర్తిగా మానేసి, అనుమానం ఉన్న వస్తువును ముట్టుకోకుండా దూరం నుంచి చూపించిన పెద్దవాళ్ళకు రోజు కూలి ఇవ్వాలి. మా సుబేదార్ సాబ్ భయానికి ఇదే జవాబని చాలా ఏళ్ళ తర్వాత నాకు తోచింది. తెస్తే పైసా రాదు, చూపిస్తే కూలి వస్తుంది అని తెలిస్తే ఎవరూ వీపున మోసుకురారు. గుల్లలు ఏరే పనిని కూడా పిల్లలకు వదలకుండా, ఫైరింగ్ పాయింట్ దగ్గర సైనికుల కళ్ళ ముందు ఆ ఊరి ఆడా మగా పెద్దవాళ్ళతో చేయించి, అమ్మగా వచ్చినదాంట్లో వాళ్ళకు వాటా ఇవ్వొచ్చు.

సంపాదకులు గారూ, మీకు ఒక మనవి. వచ్చే సంచికలో ఆ మూడో ఫొటోను మళ్ళీ వేయండి. పిల్లవాడి ముఖం కనిపించకుండా వేయండి. కింద ఆ ‘బంగారం’ మాట తీసేసి, ఇసుకలో ఉన్న ఆ తోక చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టండి.

ఇట్లు,
ఆర్టిలరీ మాజీ హవల్దారు,
తాడేపల్లిగూడెం, పశ్చిమ గోదావరి జిల్లా