రాజన్న బాకీ, కనకేశ్వరుని మెట్లు

ముంబైలో మనోళ్లకు తీర్థమంటే తెలిసినవి కొన్నే. షిర్డీకి నడక, సిద్ధివినాయకుని కాడ లైను, పైసలు కూడితే తిరుపతి. నేనూ అంతే. నలభై ఏండ్లు ఈ ఊర్లో బతికి, భావుచా ధక్కా కాడ నిలబడితే నీళ్లకు అవతల కనిపించే గుట్టల మీద ఏమున్నదో ఎన్నడూ అడగలేదు.

మా కార్డింగ్ ఖాతాలో అలీబాగ్ దిక్కు దోస్తు ఒకాయన ఉండె. రెండో పాళీలో డబ్బా విప్పినప్పుడల్లా వాళ్ల కనకేశ్వరుని ముచ్చట చెప్పేవాడు. ఎన్నిసార్లు రమ్మన్నా, చూద్దాంలే అన్నాను. ఆయన పోయి మూడేండ్లయింది. పోయిన కార్తీకంలో ఆయన మాట యాదికొచ్చి, ఒక సోమవారం పొద్దుగాల నేనూ మా ఇంటామే బయలుదేరినం.

తొవ్వ కష్టమేం కాదు. భావుచా ధక్కాలో లాంచి ఎక్కితే రేవస్ బందరు. అక్కడినుంచి అలీబాగ్ పోయే బస్సులో కూర్చొని, కనకేశ్వర్ ఫాటా అని ముందే కండక్టరుకు చెప్పి పెట్టుకోవాలి. దిగి మాప్‌గావ్ దిక్కు నడిస్తే గుట్ట అడుగుకు చేరుతాం. తాగే నీళ్లు ఇంటినుంచే మోసుకపోండి. ఎండ ఎక్కకముందే మెట్లు మొదలుపెట్టండి.

సోమవారం అని ఊరికే రాయలేదు. కార్డింగులో, బ్లోరూములో చేసినోళ్లకు ఆ దినం సంగతి తెలుసు. ఆదివారం సెలవుండి సోమవారం మళ్లీ పత్తి దుమ్ములోకి పోతే ఛాతీ బిగుసుకునేది. మంగళవారానికి కొంచెం సర్దుకునేది. పడిశమే అనుకొని ఛాయ్ తాగి మషీన్ మీదికి పోయేవాళ్లం. దానికి బిసినోసిస్ అని పేరున్నదని, పత్తి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బని, మిల్లు మూతపడ్డ ఎన్నో ఏండ్లకు డాక్టరు చెప్పిండు. మిల్లు పోయింది గానీ ఆయాసం నాతోనే ఉన్నది.

అందుకే కింద నిలబడి పైకి చూస్తే భయమైంది. ఏడు వందలకు పైన రాతి మెట్లు. 1764లో రాఘోజీ ఆంగ్రే కట్టించినవట. ఇరుపక్కలా చెట్లున్నయి, నీడ ఉన్నది, అదొక్కటే ధైర్యం. పది మెట్లెక్కడం, నిలబడడం, మళ్లీ పది. చిన్న చిన్న పోరగాళ్లు దాటిపోతుంటే సిగ్గనిపించింది. కూలి మనిషికి అలిసిపోవడం కొత్తా? కానీ భార్య ముందు అలిసిపోవడం వేరు.

నడుమ ‘నాగోబాచా టప్పా’ అని కూసునే జాగా వస్తుంది. ఇంకా పైకి పోతే ‘దేవాచీ పాయరీ’. దేవుడు కాలుపెట్టిన మెట్టని అంటరు, దాన్ని తొక్కరు. ఆ మెట్టు కాడ నాకు దమ్ము పూర్తిగా ఆగినట్టయింది. మా ఇంటామె నీళ్ల సీసా చేతిలో పెట్టి, “చాలు, ఇక్కడినుంచే దండం పెట్టి దిగుదాం” అన్నది. నేను మాట్లాడలేక చెయ్యి ఊపిన. అరగంట కూసున్నం. కిందినుంచి ఒక ముసలామె, నాకంటె పెద్దదే, కట్టె పట్టుకొని వచ్చి, నా పక్కనే కూసోని బత్తాయి తొన ఒకటి చేతిలో పెట్టింది. మాట లేదు, మంచి లేదు. ఆమె లేచినప్పుడు నేనూ లేచిన.

పైన పుష్కరిణి ఉన్నది, పెద్దది. పక్కనే నల్లరాతి గుడి. వెనక్కి తిరిగితే చెట్ల సందుల్లోంచి సముద్రం. మా దోస్తు చెప్పిన ముచ్చట్లు యాదికొచ్చినయి.

ఇప్పుడు అసలు సంగతి. నాకు ఛాతీ జబ్బు ముదిరినప్పుడు మా ఇంటామె వేములాడ రాజన్నకు కోడె మొక్కింది. మిల్లు డబ్బులు వస్తే పోదామన్నం. వచ్చినయి, బిడ్డ పెండ్లికి పోయినయి. తర్వాత ఏటేటా ఒక అడ్డం. గుడి మెట్ల మీద కూసోని నేను అన్నాను: “ఆయనా శివుడే, ఈయనా శివుడే. ఇంత దూరం ఎక్కినం కదా, మొక్కు తీరినట్టే అనుకుందాం.”

ఆమె నా మొకం చూసి, “నీ ఊపిరి అడిగింది ఈయనను కాదు. రాజన్న బాకీ రాజన్నకే” అన్నది.

నేనేమో ఆమెది మొండితనమని ఇప్పటికీ అంటున్న. పైసలు లేనోనికి దగ్గరి దేవుడు దేవుడు కాదా? ఆమె ఒప్పుకోలేదు. దిగేటప్పుడు మోకాళ్లు వణికినయి, ఆయాసం మాత్రం రాలేదు. లాంచిలో ఆమె ఒక్కతే లెక్క పెట్టింది: రైలు టికెట్లు ఎంత, కోడెకు ఎంత, బసకు ఎంత. ఇంటికొచ్చి బియ్యం డబ్బా మీద ఒక స్టీలు గిన్నె పెట్టింది. వారానికి ఇంత అని అందులో పడుతున్నయి. వచ్చే శివరాత్రికి కూడుతదో లేదో తెలియదు.

భివండి, సూరత్, సోలాపూర్ దిక్కు ఉన్నోళ్లు, మీ ఊరి దగ్గర ఇట్లాంటి మెట్ల తొవ్వ ఏదైనా ఉంటే కార్డు రాయండి. ఎన్ని మెట్లో, నడుమ కూసునే జాగా ఉన్నదో లేదో అది తప్పకుండా రాయండి.