మధుమేహులకు చిరుతిండి చందా

ఉప్పలు, నాచారములలో మధుమేహులకు నెలచందాపైఁ జిరుతిండ్లు పంపఁబూనువారికి మా మనవి యొకటి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి పరిశీలన దేశమున మధుమేహులు 10.1 కోట్లని తేల్చినది. ఇంతటి జనమునకు బెల్లపు కొఱ్ఱలడ్డుపై ‘చక్కెర లేదు’ అను చీటి యంటించి యమ్ముట వర్తకము గాదు, వంచన. రక్తమునఁ జేరిన పిదప బెల్లమును చక్కెరయే. సకినమా, బియ్యపుపిండియే!

పొట్లము పూటకు సరిపడునంత చిన్నదిగా నుండవలెను. అందు పిండిపదార్థము, చక్కెర యెన్ని గ్రాములో పైన ముద్రింపవలెను. నాచారమునకుఁ జేరువ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ధాన్యముల, పప్పుల లెక్కలను 2017లోనే పట్టికలుగాఁ బ్రకటించినది. తెలియదను సాకు చెల్లదు. వేయించిన సెనగలు, పల్లీలు కొంత మేలు. అయితే ఇన్సులిను వాడువారికి రక్తమునఁ జక్కెర హఠాత్తుగాఁ బడిపోయినపుడు అవి యక్కఱకు రావు. తక్షణము గ్లూకోజే కావలెను. పెట్టెపై ఆ మాటయు నుండవలెను.