ఫైరింజన్ ఉంది, ఎక్కేవారు ఎందరు?
చిన్న పట్టణాల అగ్నిమాపక కేంద్రాలలో సిబ్బంది లెక్క

ఒక పట్టణంలోని అగ్నిమాపక కేంద్రానికి తగినంత సిబ్బంది ఉన్నారా అన్న ప్రశ్నకు ప్రభుత్వ నివేదికలు సాధారణంగా రెండు అంకెలతో సమాధానమిస్తాయి. మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని అన్నవే ఆ అంకెలు. ఫోన్ మోగిన క్షణంలో ఫైరింజన్ ఎక్కేవారు ఎందరన్న మూడవ అంకె మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ప్రాణాలు ఆధారపడేది దానిపైనే.

ఉదాహరణకు ఒకే ఫైరింజన్ ఉన్న కేంద్రాన్ని తీసుకుందాం. డ్రైవరు, లీడింగ్ ఫైర్‌మన్, నలుగురు ఫైర్‌మన్లు, అంటే ఆరుగురు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. వారానికి 168 గంటలు. ఒక్కొక్కరు 48 గంటలు పనిచేస్తే ఒక్క స్థానానికి ముగ్గురున్నర మంది కావాలి. ఆ ప్రకారం ఆరు స్థానాలకు 21 మంది. సెలవులు, శిక్షణ కాలం కలుపుకుంటే ఇంకా ఎక్కువ. అదే కేంద్రంలో 16 పోస్టులు మంజూరై, నాలుగు ఖాళీగా ఉన్నాయనుకుందాం. ఖాళీలు 25 శాతమేనని నివేదిక చెబుతుంది. మిగిలిన 12 మందితో 24 గంటల విధి, 24 గంటల విశ్రాంతి పద్ధతి నడిపితే ఒక్కొక్కరిపై సగటున వారానికి 84 గంటల భారం పడుతుంది. ఒకరు సెలవు పెట్టి, మరొకరు జాతర బందోబస్తుకు వెళితే ఆ రోజు బండిపై మిగిలేది నలుగురే.

నలుగురిలో ఒకరు పంపు వద్ద నుంచి కదలడానికి వీలులేదు. ఇరుకు సందు మొదట్లోనే బండి ఆగిపోతే, 100 మీటర్ల దూరంలోని ఇంటికి నీరు చేరాలంటే 15 మీటర్ల గొట్టాలు ఏడు కలపాలి. ట్యాంకులోని 4,500 లీటర్లను నిమిషానికి 450 లీటర్ల చొప్పున వదిలితే పది నిమిషాల్లో ఖాళీ అవుతాయి. గొట్టం లాగడం, నాజిల్ పట్టడం, విద్యుత్ సరఫరా ఆపించడం, మళ్లీ నీరు తెప్పించడం, గుంపును నిలువరించడం ముగ్గురే చేయాలి. లోపల చిక్కుకున్న మనిషిని వెతకడానికి ఎవరు వెళతారు?

అమెరికాకు చెందిన జాతీయ ప్రమాణాల సంస్థ 2010లో వెలువరించిన అధ్యయనం ఈ తేడాను కొలిచి చూపింది. సాధారణ నివాస గృహంలో మంటలు చెలరేగినప్పుడు చేయవలసిన పనులను, బండికి నలుగురున్న బృందాలు ముగ్గురేసి ఉన్నవాటికంటే దాదాపు 25 శాతం, ఇద్దరేసి ఉన్నవాటికంటే దాదాపు 30 శాతం త్వరగా పూర్తి చేశాయి. అక్కడి ఇళ్లు వేరు, వీధులు వేరు. అయినా ఒక్క మనిషి తగ్గితే నిమిషాలు పెరుగుతాయన్నది ఎక్కడైనా ఒకటే. మన దేశంలో 2022లో అగ్నిప్రమాదాల వల్ల 7,435 మంది మరణించారని జాతీయ నేర గణాంక సంస్థ నమోదు చేసింది.

ప్రమాణాలు లేక కాదు. మూడు లక్షల జనాభా వరకు ప్రతి 50 వేల మందికి ఒక ఫైరింజన్ ఉండాలని, సహాయం పట్టణాలలో ఐదు నుంచి ఏడు నిమిషాల్లో, గ్రామాలలో 20 నిమిషాల్లో చేరాలని స్థాయీ అగ్నిమాపక సలహా మండలి సూచించింది. ఈ సూచనలను తప్పనిసరిగా అమలు చేయించే ఏర్పాటే బలహీనం. రాజ్యాంగం పన్నెండవ షెడ్యూలు అగ్నిమాపక సేవలను పురపాలక విధుల్లో చేర్చింది. మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఈ బాధ్యత ప్రధానంగా పురపాలక సంస్థలదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడులలో రాష్ట్ర ప్రభుత్వ శాఖలే నిర్వహిస్తున్నాయి. మొదటి పద్ధతిలో ఆదాయం లేని చిన్న పురపాలక సంఘానికి జీతాలే భారమవుతాయి. రెండవదానిలో జీతాల చింత తగ్గుతుంది కానీ, పట్టణ కేంద్రం చుట్టుపక్కల మండలాలను కూడా చూసుకోవాలి. వేసవిలో దూరపు పల్లెలో గడ్డివాము అంటుకుంటే ఉన్న ఒక్క బండీ అటు వెళుతుంది. ఆ గంటసేపు పట్టణానికి రక్షణ లేనట్టే.

కేంద్రం 2023 జూలైలో అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణకు రూ.5,000 కోట్ల పథకాన్ని ప్రారంభించింది. పదిహేనవ ఆర్థిక సంఘం సిఫారసు మేరకు వచ్చిన ఈ నిధులకు రాష్ట్రాలు 25 శాతం, ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలు 10 శాతం వాటా కలపాలి. కొత్త కేంద్రాలు, పరికరాలు, శిక్షణ సదుపాయాల అవసరాన్ని కాదనలేం. కానీ బండి ఒక్కసారి కొనేది, జీతం ప్రతి నెలా ఇచ్చేది. కొత్త బండికి జెండా ఊపడానికి కనిపించే ఉత్సాహం పోస్టుల మంజూరు దస్త్రం దగ్గర కనిపించదు. పాత బలగాన్నే రెండు బండ్లకు పంచితే పథకం ఉద్దేశమే దెబ్బతింటుంది.

సిబ్బంది కొరత వల్ల మొదట వెనుకబడేది తనిఖీ. మంట పిలిస్తే వెళ్లక తప్పదు. కల్యాణ మండపాన్నో, పాఠశాలనో పరిశీలించే పని మాత్రం రేపటికి వాయిదా పడుతుంది. హర్యానాలోని మండీ డబ్వాలీలో 1995 డిసెంబరు 23న పాఠశాల వార్షికోత్సవ వేదిక అంటుకుని 400 మందికి పైగా మరణించారు. తమిళనాడులోని కుంభకోణంలో 2004 జూలై 16న పాఠశాల పూరి కప్పుకు నిప్పంటుకుని 94 మంది చిన్నారులు బలయ్యారు. రెండూ మహానగరాలు కావు. మంటలు అంత వేగంగా వ్యాపించిన చోట పూర్తి బలగంతో బండి వచ్చినా చాలామందిని కాపాడలేకపోవచ్చు. ముందే వచ్చి తలుపులు, కప్పు చూసే అధికారి కాపాడగలడు. అందుకే సిబ్బంది అంచనాలో తనిఖీ గంటలను కూడా లెక్కించాలి.

ఆపద మిత్ర పథకం కింద శిక్షణ పొందిన వాలంటీర్లు, హోంగార్డులు ఈ లోటును కొంత తీరుస్తారు. గుంపును అదుపు చేయడానికి, నీటి వనరులు చూపడానికి వారు ఎంతో ఉపయోగపడతారు. పొగ నిండిన గదిలోకి పంపడానికి మాత్రం వారిని నియమిత సిబ్బందికి ప్రత్యామ్నాయంగా భావించరాదు.

మూడవ అంకెను తెలుసుకోవడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కాల్ అందిన సమయం, బండి బయలుదేరిన సమయం ప్రమాద నివేదికల్లో ఉండేవే. వాటి పక్కన బండిపై వెళ్లినవారి సంఖ్యను చేర్చి, కేంద్రాలవారీగా నెలకొకసారి వెల్లడిస్తే ఏ పట్టణంలో ఏ షిఫ్టులో బలగం నలుగురికి పడిపోతున్నదో కొత్త పోస్టులు కేటాయించే ముందే ఆర్థిక శాఖకు తెలుస్తుంది.